కెప్టెన్ నెమో విలనా? మన బుందేల్‌ఖండ్ యువరాజు కథని ఎవరు దాచారు?

ఈరోజు మాట్లాడుకునేది సైన్స్ ఫిక్షన్‌లో ఒక సీనియర్ విలన్ గురించి. ముందు ఒక సీన్ చెప్తా, తర్వాత హిస్టరీలోకి వెళ్దాం.

అట్లాంటిక్ సముద్రం. ఒక పెద్ద యుద్ధనౌక ఒక సబ్‌మెరైన్ మీద ఫిరంగులు పేలుస్తుంది. నౌక ఏ దేశానిదో మనకి చెప్పరు. సబ్‌మెరైన్ వెంటనే తిరిగి కొట్టదు. రాత్రంతా దాన్ని తన వెనకాలే తిప్పుకుని, తెల్లారాక నీళ్ళ అడుగు నుంచి వచ్చి, ముందున్న ఉక్కు ముక్కుతో ఓడని ఇటు నుంచి అటు చీల్చేస్తుంది. మునుగుతున్న ఓడలో మనుషులు తెరచాప కొయ్యలెక్కి ప్రాణాల కోసం కొట్టుకుంటుంటే, కెప్టెన్ అద్దం వెనక నిలబడి చివరిదాకా చూస్తాడు. తర్వాత తన గదిలోకి వెళ్ళి, ఒక ఆడమనిషి, ఇద్దరు పిల్లలున్న ఫొటో ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తాడు.

ఆ కెప్టెన్ నెమో. ఆ సబ్‌మెరైన్ నాటిలస్. ఫ్రెంచ్ రచయిత జూల్ వెర్న్ 1869-70లో పత్రికలో సీరియల్‌గా రాసిన 'ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ' నవల ఇది. ఈ నవల మొత్తంలో నెమో ఎవరు, ఏ దేశం వాడు, ఎవరి మీద పగ, ఏమీ తెలీదు. ముగ్గుర్ని బందీలుగా పట్టుకున్నాడు, ఓడ ముంచాడు, వందల మందిని చంపాడు. ఇంతే తెలిస్తే ఎవరైనా విలన్ అనే అంటారు.

ఇక్కడే అసలు కథ. వెర్న్ బుర్రలో మొదట్నుంచీ నెమోకి ఒక దేశం ఉంది. అది పోలండ్. 1863లో పోలండ్ వాళ్ళు రష్యా చక్రవర్తి మీద తిరగబడ్డారు. రష్యా ఆ తిరుగుబాటుని ఘోరంగా అణిచేసింది. ఆ గొడవలో కుటుంబం మొత్తం పోగొట్టుకున్న పోలిష్ జమీందారు రష్యా ఓడల్ని ముంచుతుంటాడు, ఇదీ ప్లాన్. పబ్లిషర్ ఎట్జెల్ వద్దన్నాడు. రష్యాలో వెర్న్ పుస్తకాలు బాగా అమ్ముడవుతాయి. ఈ కథ రాస్తే అక్కడ సెన్సార్ వాళ్ళు ఊరుకుంటారా? మార్కెట్ పోతుంది. పోనీ నెమోని బానిసల వ్యాపారం చేసే ఓడల మీద పగబట్టినవాడిగా మార్చమని సలహా ఇచ్చాడు. వెర్న్ ఒప్పుకోలేదు. నెమో పోలండ్ వాడు, మునిగింది రష్యా ఓడ అని చెప్తే ఏ పాఠకుడూ అభ్యంతరం పెట్టడు కదా అని ఉత్తరాల్లో గట్టిగానే వాదించాడు. చివరికి రాజీ ఏంటంటే, నెమోకి ఏ దేశమూ ఉండదు. నెమో అంటే లాటిన్‌లో 'ఎవరూ కాదు' అని అర్థం. ఆ పేరు ఇప్పుడు ఇంకా బాగా సరిపోయింది.

అంటే ఒకటి గమనించండి. నెమో చేసిన పని మారలేదు. కారణం ఒక్కటే డిలీట్ అయింది. అది కూడా కథ కోసం కాదు, అమ్మకాల కోసం.

అయినా వెర్న్ అక్కడక్కడా క్లూలు వదిలాడు. నెమో గది గోడ మీద పోలండ్ వీరుడు కోస్యూస్కో, అబ్రహం లింకన్, బానిసత్వం మీద పోరాడి ఉరికంబమెక్కిన జాన్ బ్రౌన్ లాంటి వాళ్ళ చిత్రాలుంటాయి. టర్కీ పాలన మీద తిరగబడిన క్రీట్ వాళ్ళకి బంగారం పంపిస్తాడు. సిలోన్ దగ్గర ముత్యాల కోసం మునిగిన ఒక పేద ఇండియన్‌ని సొర చేప నోట్లోంచి కాపాడి, ముత్యాల సంచి చేతిలో పెడతాడు. ఎందుకింత చేశావని అడిగితే, అతను అణచివేతకి గురైన దేశం వాడు, నేనూ ఆ వైపే అన్న అర్థంలో జవాబిస్తాడు.

తర్వాత 1874-75లో 'ది మిస్టీరియస్ ఐలండ్' వచ్చింది. అందులో చావుకి దగ్గరైన ముసలి నెమో నిజం చెప్తాడు. అతని అసలు పేరు ప్రిన్స్ దక్కర్. బుందేల్‌ఖండ్ రాజు కొడుకు. పదేళ్ళ వయసులో యూరప్ వెళ్ళి సైన్సు, కళలు అన్నీ చదువుకుని, 1849లో తిరిగొచ్చి పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు. 1857లో బ్రిటిష్ వాళ్ళ మీద పోరాడి ఓడిపోయాడు, తల్లిదండ్రులు, భార్య, పిల్లలు అందరూ పోయారు. పోలండ్ వాడు ఇండియన్ అయ్యాడు, రష్యా కాస్తా బ్రిటన్ అయ్యింది! ఇంకో తమాషా, వెర్న్ అతన్ని టిప్పు సుల్తాన్‌కి మేనల్లుడి వరస చేశాడు. బుందేల్‌ఖండ్ ఎక్కడ, మైసూరు ఎక్కడ? ఆయన ఇండియాకి ఎప్పుడూ రాలేదు లెండి.

కానీ బుందేల్‌ఖండ్‌ని ఎంచుకోవడం మాత్రం కరెక్ట్. ఝాన్సీ అక్కడే ఉంది. 1854లో దత్తపుత్రుడు చెల్లడని డల్హౌసీ ఝాన్సీని కలిపేసుకున్నాడు. 1858 ఏప్రిల్‌లో హ్యూ రోజ్ సైన్యం కోట గోడలెక్కి ఊళ్ళోకి దిగాక జరిగిన నరికివేత, దోపిడీ గురించి ఆ టైమ్‌లో అక్కడే ఉన్న విష్ణుభట్ గోడ్సే అనే మరాఠీ బ్రాహ్మణుడు తర్వాత రాసి పెట్టాడు. అదే ఝాన్సీలో 1857 జూన్‌లో, లొంగిపోయిన యూరోపియన్లని ఆడవాళ్ళు, పిల్లలతో సహా సుమారు 60 మందిని జోఖన్ బాగ్‌లో చంపేశారు. రెండూ నిజాలే. ఒకటి చెప్పి ఇంకోటి దాచితే నేను కూడా ఎట్జెల్‌నే అవుతా.

1857 అంటే మనకి సంబంధం లేని ఉత్తరాది కథ అనుకోకండి. ఆ జులై 17న హైదరాబాద్‌లో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కలిసి కోఠీలో ఉన్న బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఒకప్పుడు ఉమెన్స్ కాలేజీగా ఉన్న క్యాంపస్‌లో కనిపించే ఆ పెద్ద స్తంభాల బిల్డింగే. తుర్రేబాజ్‌ని చంపి శవాన్ని జనం మధ్య వేలాడదీశారు, మౌల్వీని అండమాన్ పంపారు. దక్కర్‌కి నాటిలస్ దొరికింది. వీళ్ళకి అలాంటిదేం దొరకలేదు.

సరే, ఇండియన్‌గా ఇదంతా విన్నాక నెమో హీరో అయిపోతాడా? మనలో చాలామందికి అలా అనాలనే ఉంటుంది. నాకూ ఉంది. కానీ 1880లో వెర్న్ రాసిన 'ది స్టీమ్ హౌస్' చూడండి. ఆవిరితో నడిచే ఇనుప ఏనుగు మీద ఉత్తర ఇండియాలో తిరిగే కథ. అందులో విలన్ నానా సాహెబ్. అదే 1857, అదే ఓటమి, అదే పగ. కాన్పూర్‌లో బీబీఘర్‌లో వందమందికి పైగా ఆడవాళ్ళని, పిల్లల్ని చంపిన ఘోరం ఆయన పేరు మీదే ఉంది కాబట్టి ఈసారి వెర్న్ జాలి మొత్తం భార్యని పోగొట్టుకున్న ఇంగ్లిష్ కల్నల్ వైపే. చేయి ఒక్కటే, యుద్ధం ఒక్కటే, సింపతీ మాత్రం అటు తిరిగింది. ఎందుకంటే ఇక్కడ ఫొటో ముందు ఏడ్చే అవకాశం కల్నల్‌కి ఇచ్చారు.

అందుకే నా లెక్క ఇది. దక్కర్ అనే మనిషి మీద జాలి పడతా, అందులో డౌట్ లేదు. ఉద్యోగం చేసే రోజుల్లో బగ్ వస్తే రూట్ కాజ్ వెతికేవాళ్ళం. కాజ్ దొరికింది కదా అని బగ్‌ని ఫీచర్ అని పిలిచేవాళ్ళం కాదు. ఆ ఓడలో కొయ్యలెక్కినవాళ్ళలో ఝాన్సీకి వెళ్ళినవాడు ఒక్కడైనా ఉన్నాడా? మనకి తెలీదు, నెమోకీ తెలీదు. ఆ రాత్రంతా అతనికి తప్పించుకునే స్పీడ్ ఉంది, నీళ్ళ కింద దారి ఉంది. అయినా ఆగి మరీ ముంచాడు. కుటుంబం పోయిన ఆ మనిషి ఎన్ని ఇళ్ళల్లో అలాంటి ఫొటోలే మిగిల్చాడో లెక్కేలేదు. ఆ నావికులకి ఒక్కడికి కూడా వెర్న్ పేరు పెట్టలేదు.

సినిమాల సంగతి కొంచెం చూద్దాం. 1916 మూకీ సినిమాలో నెమో ఇండియన్ యువరాజే. 1954 డిస్నీ సినిమాలో జేమ్స్ మేసన్ చేశాడు, ఇండియా ఊసే లేదు. జైలు క్యాంపు, పేరు చెప్పని ఒక దేశం, అంతే. మళ్ళీ ఎట్జెల్ పద్ధతి. 2003లో 'ది లీగ్ ఆఫ్ ఎక్స్‌ట్రార్డినరీ జెంటిల్మెన్'లో మన నసీరుద్దీన్ షా నెమో అయ్యాడు. సినిమా యావరేజే గానీ, ఆ గడ్డంతో, తలపాగాతో ఆయన నడుస్తుంటే బాగుంటుంది.

చదవాలనుకునే వాళ్ళకి ఒక మాట. ఫోన్‌లో ఫ్రీగా దొరికే పాత ఇంగ్లిష్ అనువాదాలతో జాగ్రత్త. ట్వంటీ థౌజండ్ లీగ్స్‌కి మెర్సియర్ చేసిన 1870ల అనువాదంలో దాదాపు నాలుగో వంతు ఎగిరిపోయింది. మిస్టీరియస్ ఐలండ్‌కి కింగ్‌స్టన్ పేరుతో ఉన్నదైతే ఇంకా దారుణం, దక్కర్ చెప్పే 1857 కథని బ్రిటిష్ వాళ్ళకి అనుకూలంగా మార్చేశారు. మొదటిదానికి ఎఫ్.పి. వాల్టర్ అనువాదం తీసుకోండి, అదీ ఫ్రీనే. రెండోదానికి సిడ్నీ క్రావిట్జ్ చేసింది మంచిది. చివర్లో నెమో ప్రాణం పోయే చోట మాత్రం ఒకసారి ఆగండి. వెర్న్ రాతప్రతిలో అతని ఆఖరి మాట 'స్వాతంత్ర్యం'. అచ్చులో మీకు కనిపించేది 'దేవుడు, దేశం'. అది కూడా ఎట్జెల్ మార్పించిందే.