ఆరవ కన్య

ఏథెన్సు చూడక ముందే మనలో ప్రతివారికీ ఒక ఏథెన్సు ఉంటుంది. పాఠ్యపుస్తకంలో సోక్రటీసు విషం తాగిన ఊరు, కొండమీద తెల్లని స్తంభాలు, వెనుక నీలాకాశం. నేనూ ఆ ఊరినే చూద్దామని వెళ్ళాను. రెండు రోజులు కాళ్ళరిగేలా తిరిగాక తెలిసిందేమంటే, ఆ కొండ నేననుకున్నంత పాతదీ కాదు, ఆ రాయి నేననుకున్నంత తెల్లనిదీ కాదు. ఈ రెండు మాటలకూ వివరణ ఇవ్వడమే ఈ వ్యాసం పని.

మొదట మొనస్తిరాకి కూడలి. మెట్రో దిగి పైకి రాగానే ఒక పక్క రోమను చక్రవర్తి హేడ్రియన్ క్రీ.శ. 132లో కట్టించిన గ్రంథాలయపు గోడ, మరో పక్క చిన్న క్రైస్తవాలయం, ఎదురుగా 1759లో కట్టిన మసీదు. నాలుగడుగుల్లో మూడు యుగాలు. ఆ మసీదును కట్టించినవాడు ఆనాడు ఏథెన్సును ఏలిన ఒట్టోమన్ అధికారి జిస్తరాకిస్. సున్నం కోసం అతడొక ప్రాచీన స్తంభాన్ని పగలగొట్టించాడనీ, దానివల్ల ఊరికి కీడు మూడుతుందని పురజనులు భయపడ్డారనీ చెబుతారు. పాలరాయిని కాలిస్తే సున్నమవుతుంది. శిల్పాన్ని కాల్చినా అంతే. ఈ సున్నం సంగతి కాస్త గుర్తుంచుకోండి, చివర మళ్ళీ దానితో పని పడుతుంది.

అక్కడినుంచి అక్రోపొలిస్ కొండ ఎక్కాను. పార్థెనాన్ నిర్మాణం క్రీ.పూ. 447లో మొదలైంది. కట్టడం 438కి పూర్తయినా, శిల్పాల పని 432 దాకా సాగింది. స్థపతులు ఇక్టినస్, కల్లిక్రాటిస్. శిల్పాలను పర్యవేక్షించినవాడు ఫిడియాస్. రాయి పెంటెలి కొండనుంచి వచ్చింది. మరి డబ్బు? పర్షియనులతో పోరాడేందుకు అనేక గ్రీకు నగరాలు కలిసి ఒక నిధి పెట్టుకున్నాయి. డెలోస్ ద్వీపంలో ఉన్న ఆ నిధిని క్రీ.పూ. 454లో ఏథెన్సుకు తరలించారు. మిత్రులు రక్షణకోసం ఇచ్చిన సొమ్ముతో మనం నగరానికి నగలు పెడుతున్నామని ఏథెన్సులోనే కొందరు పెరిక్లీసును నిలదీశారని ప్లూటార్కు రాశాడు. ఎవరి సొత్తు ఎవరిదన్న తగవు ఆ గుడితోబాటే పుట్టిందన్నమాట.

పార్థెనాన్ ఎప్పుడూ శిథిలంగానే ఉండేదని మనకొక భ్రమ. అది సుమారు తొమ్మిది వందల ఏళ్ళు దేవీ ఆలయంగా నిలిచింది. తరువాత దాదాపు వేయేళ్ళు కన్య మరియ పేర క్రైస్తవ దేవాలయం. ఒట్టోమన్లు వచ్చాక పదిహేనవ శతాబ్దంలో మసీదు అయింది, పక్కన ఒక మినారు లేచింది. దేవుళ్ళు మారినా పూజ ఆగలేదు, కప్పు కింద దీపం ఆరలేదు. చర్చిగా మార్చినప్పుడు తూర్పు ముఖంలో కొన్ని శిల్పాలు పోయినా, కట్టడం చాలామట్టుకు నిలిచే ఉంది.

దాన్ని శిథిలం చేసింది 1687 సెప్టెంబరు 26. వెనిస్ సేనాపతి మొరొసిని ఊరిని ముట్టడించాడు. లోపలున్న తురుష్క సైన్యం మందుగుండును పార్థెనాన్‌లో దాచింది. ఒక ఫిరంగి గుండు వచ్చి దానిమీదే పడింది. కప్పు ఎగిరిపోయింది, నడుమనున్న గోడలూ స్తంభాలూ కూలిపోయాయి, లోపల తలదాచుకున్నవారు పెద్దసంఖ్యలో చనిపోయారు. గెలిచిన మొరొసిని పడమటి ముఖం మీది గుర్రాల శిల్పాలను వెనిస్‌కు పట్టుకుపోదామని దింపబోతే అవి కిందపడి ముక్కలయ్యాయి. కొన్ని నెలలకే ఆ సైన్యం ఊరు విడిచిపోయింది. ఇంతా చేసినా ఊరు మాత్రం దక్కలేదు.

ఆ తరువాతి పేరు అందరికీ తెలిసినదే. ఒట్టోమన్ దర్బారులో బ్రిటిష్ రాయబారి లార్డ్ ఎల్గిన్. 1801 నుంచి అతని మనుషులు శిల్పాలను దించడం మొదలుపెట్టారు. అనుమతిపత్రమని చెప్పేదానికి నేడు మిగిలింది ఇటాలియన్ అనువాదం ఒక్కటే. విడిపడి కిందనున్న రాళ్ళనే కాదు, గోడలోనున్న ఫలకాలను కూడా రంపాలతో కోసి తీశారు. కొన్నింటిని మోసుకుపోతున్న ఓడ 1802లో కితిరా ద్వీపం దగ్గర మునిగితే ఈతగాళ్ళను పెట్టి పైకి తీయించారు. చివరికి 1816లో బ్రిటిష్ ప్రభుత్వం వాటిని 35,000 పౌండ్లకు కొని బ్రిటిష్ మ్యూజియంలో ఉంచింది. గ్రీకులు స్వాతంత్ర్య సమరం మొదలుపెట్టింది ఆ తరువాత, 1821లో. అంటే అమ్మకం జరిగిననాడు వద్దనడానికి గ్రీసు అనే రాజ్యమే లేదు.

ఇంతవరకూ దోషులు పరాయివారు. ఇక్కడినుంచి కథ కొంచెం ఇబ్బందికరంగా మారుతుంది.

1834లో ఏథెన్సు కొత్త గ్రీకు రాజ్యానికి రాజధాని అయింది. కొత్త దేశానికి కీర్తి కావాలి, ఆ కీర్తి పెరిక్లీసు కాలానిదే అయి ఉండాలి. అందుచేత కొండమీద ఆ కాలానికి చెందనిదంతా తొలగించడం మొదలైంది. ఇళ్ళు పోయాయి. పార్థెనాన్ లోపల మిగిలిన చిన్న మసీదు 1840లలో పోయింది. మధ్యయుగపు ఎత్తయిన బురుజును 1875లో కూల్చారు, దాని ఖర్చు భరించినవాడు ట్రోయ్ తవ్విన ష్లీమన్. ఇరవై నాలుగు శతాబ్దాల జీవితంలో ఒక్క శతాబ్దాన్ని ఉంచుకుని తక్కినవి ఊడ్చేశారు. మనం పోస్టుకార్డు మీద చూసే ఆ విశాలమైన ఖాళీ కొండ పందొమ్మిదవ శతాబ్దపు సృష్టి. అది నేననుకున్నంత పాతది కాదన్నది ఇందుకే.

మంచి మనసుతో చేసిన పని కూడా గాయం చేయగలదని అక్కడే మరో నిదర్శనం ఉంది. పాత గ్రీకు మేస్త్రీలు రాళ్ళను కలిపే ఇనుప బందుల చుట్టూ కరిగించిన సీసం పోసేవారు. గాలీ నీరూ తగలక ఇనుము తుప్పు పట్టేది కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో జీర్ణోద్ధరణ చేసిన ఇంజనీరు బలానోస్ ఆ సీసపు పూత లేకుండానే ఇనుప బందులు వేశాడు. అవి తుప్పుపట్టి ఉబ్బి పాలరాతిని లోపలినుంచి చీల్చాయి. ఆ తప్పును దిద్దడానికే 1975లో ఒక సంఘం ఏర్పడింది. అప్పటినుంచీ ఇనుము తీసి టైటానియం పెడుతూ, ఏ రాయి ఎక్కడిదో వెతికి పట్టి అతుకుతున్నారు. కొత్తగా చేర్చిన రాయి తెల్లగా, పాత రాయి తేనెరంగులో ఉంటాయి. తేడా కనబడనీయాలన్నదే వారి పద్ధతి. రెండువేల నాలుగువందల ఏళ్ళనాటి మేస్త్రీకి తెలిసిన సంగతి నవీన ఇంజనీరు మరచిపోయాడని తలచుకుంటే నాకు గర్వమూ కలగలేదు, నవ్వూ రాలేదు. భయం వేసింది.

రెండవ రోజంతా కొండ దిగువనున్న అక్రోపొలిస్ మ్యూజియానికే సరిపోయింది. 2009 జూనులో తెరచిన ఆ భవనాన్ని రూపొందించినది బెర్నార్ చూమీ. అడుగున తవ్వకాల్లో బయటపడిన పాత పేట, దానిపైన గాజు నేల. పై అంతస్తును పార్థెనాన్ ఏ దిక్కుకు తిరిగి ఉందో ఆ దిక్కుకే తిప్పి కట్టారు. గాజు గోడలోంచి ఆ గుడి కనిపిస్తూ ఉంటుంది. గుడిచుట్టూ సాగిన శిల్పపు పట్టీ పొడవు 160 మీటర్లు. అందులో సుమారు 50 మీటర్లు ఏథెన్సులోనూ 80 మీటర్లు లండనులోనూ ఉన్నాయి. మ్యూజియంలో పట్టీని అసలు కొలతల్లోనే అమర్చి, లేనిచోట ప్లాస్టరు నకళ్ళు పెట్టారు. అసలు రాయి పసుపు, నకలు సున్నపు తెలుపు. గుర్రం తల ఒక రంగు, పక్కనున్న రౌతు మరో రంగు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు, రంగే చెబుతుంది.

రంగు మాట వచ్చింది కనుక మరొకటి. ఆ శిల్పాలు పుట్టినప్పుడు ఎరుపు, నీలం వంటి వన్నెలతో ఉండేవి. తెల్లని గ్రీసు తరువాతి యూరపు కలగన్న గ్రీసు. 1930ల చివర బ్రిటిష్ మ్యూజియంలో కొత్త గదికి సొమ్మిచ్చిన దాత, శిల్పాలు తెల్లగా మెరవాలని కోరితే పనివాళ్ళు వాటి పైపొరను పనిముట్లతో గీకేశారు. భద్రంగా ఉంచామన్న వాదానికి ఈ గీతలు చిరకాల సాక్షులు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి మాత్రం ఎరెక్థియాన్ మంటపాన్ని తలలతో మోసిన ఆరుగురు స్త్రీమూర్తులు. కారియాటిడ్లని మనం పిలిచే వీరిని ఆనాటి నిర్మాణ శాసనాలు 'కోరె'లని, అంటే కన్యలని మాత్రమే అన్నాయి. నేడు కొండమీద నిలబడినవి ఆరూ నకళ్ళే. అసలు ఐదుగురు మ్యూజియంలో ఉన్నారు, ఆరవ కన్య లండనులో. ఆమె చోటును ఇక్కడ ఖాళీగా వదిలారు. ఐదుగురి జడల అల్లికా చూడాలని వెనక్కు వెళ్ళినవాణ్ణి, ఆ ఖాళీ దగ్గర ఆగిపోయాను. ఇంట్లో భోజనాలప్పుడు ఊళ్ళో లేని బిడ్డకోసం వేసి ఉంచిన పీట గుర్తొచ్చింది.

ఆ పీట వేసి ఉంచడం వృథా పోలేదు. 2022లో పలెర్మో మ్యూజియంనుంచి ఒక దేవతా పాదపు ముక్క, 2023లో వాటికన్ నుంచి మూడు ముక్కలు తిరిగివచ్చాయి. లండనువి రావడానికి అక్కడి 1963 చట్టమే అడ్డమని బ్రిటిష్ మ్యూజియం చెబుతుంది.

ఒక తెలుగువాడు ఈ కథను ఇక్కడ ఆపలేడు. 1797లో కాలిన్ మెకంజీ అమరావతి వెళ్ళేనాటికే ఆ స్తూపపు రాళ్ళు కొత్త ఊరి కట్టడాలకు తరలిపోతున్నాయి. కొన్నింటిని సున్నానికి కాల్చారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చిన శిల్పాల్లో అనేకం 1859లో లండను వెళ్ళాయి. 1880 నుంచి అవి బ్రిటిష్ మ్యూజియంలో, పార్థెనాన్ శిల్పాలున్న కప్పుకిందనే ఉన్నాయి. వాటికి 'ఇలియట్ మార్బుల్స్' అని పేరుపెట్టారు, ఎల్గిన్ పేరును తలపించేటట్టు. నిజానికి అది పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. మన రాయికి పేరు కూడా గ్రీసునుంచి అరువే.

ఎల్గిన్‌ను తిట్టినంత సులువుగా మనం ఇలియట్‌ను తిట్టగలమా? అతడు తీసుకుపోకపోతే ఆ ఫలకాల్లో కొన్ని సున్నపు బట్టీకే పోయేవేమో. అయినా, కాపాడినంత మాత్రాన సొంతమవుతుందా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఏథెన్సు నాకు నేర్పింది ఇంతే: తిరిగి అడిగేవాడు ముందు తన ఇంటి లెక్క రాసుకోవాలి. పరాయివాడు తీసుకుపోయినది ఎంత, మన చేతులతో మనం పోగొట్టుకున్నది ఎంత అని రెండు పద్దులూ రాయాలి. ఏథెన్సు మొదటి పద్దు చక్కగా రాసింది. కూల్చిన బురుజూ మసీదూ ఉండే రెండవ పద్దును కాస్త చిన్న అక్షరాల్లో రాసింది.

అమరావతి శిల్పాలు ఇవాళ అమరావతిలో కొన్ని, చెన్నై ఎగ్మూరులో కొన్ని, లండనులో కొన్ని. వాటన్నింటినీ, నకళ్ళతోనైనా సరే, స్తూపం ఉన్న కొలతల్లో, కృష్ణ ఒడ్డున ఒకేచోట నిలబెట్టి చూడాలని నా కోరిక. లండనుదానికి ఒక రంగు, చెన్నైదానికి ఒక రంగు ఇవ్వాలి. సున్నమైపోయినదానికి మాత్రం ఏ నకలూ పెట్టకూడదు. ఆ చోటు ఖాళీగానే ఉండాలి, చూసిన పిల్లలు అదేమిటని మనల్ని అడగాలి.