యంత్రగర్భమునందలి అడంగలు



2002వ సంవత్సరమున హ్యూలెట్ ప్యాకార్డ్ అను అమెరికా కంపెనీవారు ఆంధ్రప్రదేశ ప్రభుత్వముతో కూడి కుప్పము ప్రాంతమున ‘ఐ-కమ్యూనిటీ’ అను పథకమును నెలకొల్పిరి. పల్లెలలో సమాచారకేంద్రములు వెలసినవి. మహిళాసంఘములకు చెందిన కొందరు స్త్రీలు డిజిటల్ కెమెరాలను, సూర్యరశ్మిచే నడచు ముద్రణసాధనములను చేతబూని, ఊరూర ఛాయాచిత్రములు తీసి, అక్కడనే అచ్చొత్తి యిచ్చి కొంత యాదాయము గడించిరి. నాటినుండి మదనపల్లె, పుంగనూరు వీధులలో సయితము కంప్యూటరు వింతవస్తువు గాకపోయినది. అయితే ఆ పెట్టెలో నేమున్నదో తెలిసికొను అధికార మెవ్వరిది? నేటి ప్రసంగమునకు విషయ మిదియే.

మన పెద్దలకు కరణముల కాలము జ్ఞప్తియందుండును. 1984లో ఆ యుద్యోగములు రద్దగువరకు అడంగలులో నేమి వ్రాయబడెనో కరణమునకే యెరుక. పొలము దున్నువాడు రైతు. లెక్క చదువువాడు వేరొకడు. కంప్యూటరు విషయమునను అట్టి స్థితియే యుండెను. 1980 ప్రాంతమున అమెరికాలోని యెం.ఐ.టి. విద్యాలయమున రిచర్డ్ స్టాల్‌మన్ అను నతడు తమ ముద్రణయంత్రమును నడపు ప్రోగ్రామును సవరింపగోరగా, దాని మూలరచన నిచ్చుటకు నిరాకరించిరి. అతడు 1983లో ‘గ్నూ’ ఉద్యమమును ప్రకటించెను. ఎవరైనను చదివి, మార్చి, పంచుకొనదగినదే స్వేచ్ఛా సాఫ్టువేరు. ఇంగ్లీషున ఉచితమునకును స్వేచ్ఛకును ఒకటే మాట యగుటచే అచ్చటివారు తికమకపడుచుందురు. మన భాషలో ఆ బాధ లేదు.

ఇక కార్డు సంగతి. తెరపై బొమ్మను నిలుపు నవయవము గ్రాఫిక్స్ కార్డు. 1992లో ఇంటెల్ వారు ‘పి.సి.ఐ.’ అను పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఈ పద్ధతిలో ప్రతి కార్డును రెండు సంఖ్యలను తన గర్భమున దాల్చియుండును: ఒకటి చేసినవారిది, రెండవది వస్తువుది. ఇంటెల్ వారి సంఖ్య 8086. 1978లో తాము చేసిన ప్రాసెసరు పేరునే యింటినంబరుగా వేసికొనిరి, అది వారి ముచ్చట. 1002 అన్నది ఏ.టి.ఐ. వారిది. ఆ కంపెనీని 2006లో ఏ.ఎం.డి. వారు కొనిరి గాని సంఖ్య మారలేదు; పట్టాదారు మారినను సర్వే నంబరు మారదు గదా!

ఈ సంఖ్యలను చదివి చెప్పుటకు జెక్ దేశీయుడగు మార్టిన్ మారెష్ ‘ఎల్.ఎస్.పి.సి.ఐ.’ అను చిన్న ప్రోగ్రామును రచించెను. లినక్సు గల కంప్యూటరులో ఆ అయిదక్షరములు కొట్టిన చాలును, లోపలి కార్డుల పేర్లు వరుసగా వచ్చును. అంకెకు పేరు జతచేయు పట్టికను దేశదేశముల ఔత్సాహికులు జీతభత్యములు లేకయే కూర్చిరి. అది నిజముగా లోకమంతటి వారు కలిసి వ్రాసిన అడంగలు.

పేరు తెలిసినంతమాత్రమున పని తెలియదు. ఎన్‌విడియా కంపెనీవారు తమ కార్డులను నడపు రహస్యమును చిరకాలము వెల్లడింపరైరి. ‘నూవో’ అను పేర కొందరు స్వచ్ఛందులు, తాళము లేని గదిని కిటికీనుండి చూచినట్లు, కార్డు ప్రవర్తనను గమనించి గమనించి మార్గము కనుగొనిరి. 2012లో ఫిన్లాండున లినక్సు కర్తయగు లైనస్ టోర్వాల్డ్స్ నిండుసభలో ఆ కంపెనీని పరుషముగా దూషించెను. ఆ మాట నిచట చెప్పరాదు. 2022 మే మాసమున గాని వారు నడపు ప్రోగ్రాములో కొంతభాగమును బయటపెట్టలేదు.

మోసమును లేకపోలేదు. పాత కార్డులోని వ్రాతను దిద్ది, గొప్ప కార్డు పేరు పలికించి యమ్మువారు కలరు. పొట్టిగా నున్న యావునెల్ల పుంగనూరు జాతి యని నమ్మి కొన్నట్లగును. కావుననే ‘జి.పి.యు.-జెడ్’ అను పరికరము 2018నుండి యిట్టి కొన్ని నకిలీలను పసికట్టి చూపుచున్నది. ఇది వెల లేక దొరకునుగాని, దీని మూలరచన బహిరంగము గాదు. ఉచితమే, స్వేచ్ఛ కాదు. పాత కంప్యూటరు కొను విద్యార్థి యెవ్వడైనను, ఎద్దు పళ్లు చూచినట్లు, సొమ్ము చెల్లింపకమున్నే దీనిని నడపి, పేరుతోబాటు జ్ఞాపకశక్తి పరిమాణమును గూడ చూడవలెను.

మారెష్‌గారి పట్టికలో లేని కార్డు తటస్థించినచో, దాని సంఖ్యను, పేరును వ్రాసి పంపుటకు ఎవరైనను అర్హులే. మదనపల్లె బాలుడు పంపినను, ప్రాగ్ నగరపు పండితుడు పంపినను, పరిశీలించి ఆ పట్టికయందే చేర్చుదురు.