ఎడమ కాలికి పని లేదు

పొద్దున ఏడింటికి జగ్గయ్యపేట బజారులోంచి బండి తీస్తున్నాను. రేపు భోగి. ముగ్గుపిండి బస్తాలు, చెరుకు గడలు సగం రోడ్డు మీదే ఉన్నాయి. పక్క సీట్లో బాబాయి. ముప్పై ఏళ్ళు సిమెంటు లారీ తోలిన మనిషి. గేరు రాడ్డు పక్కనున్న అక్షరాలు చూసి అడుగుతున్నాడు:

“ఆర్, ఎన్, డి, ఎం. ఫస్టు ఎక్కడరా?”

“అదే వేసుకుంటుంది బాబాయ్.”

“అదెట్టా వేసుకుంటుంది?” అంటూ కింద చూశాడు. రెండే పెడళ్ళు. ఇక మాట్లాడలేదు.

చిల్లకల్లు టోల్‌గేటు ఇంకా దూరం ఉండగానే వరస మొదలైంది. హైదరాబాద్ అంతా విజయవాడ వైపు వస్తోంది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేసినా పండగ వరస పండగ వరసే. బ్రేకు మీద కాలు కొద్దిగా వదిలితే బండి దానంతటదే పాకుతోంది. నొక్కితే ఆగుతోంది. అంతే పని. పక్క వరసలో పాత మాన్యువల్ కారు. క్లచ్ నొక్కి, ఫస్టు వేసి, నాలుగడుగులు వెళ్ళి, మళ్ళీ న్యూట్రల్. ఆ డ్రైవరు ఎడమ మోకాలు నిమురుకుంటున్నాడు. బాబాయి అతన్నే చూస్తున్నాడు. ఆయన మోకాలికీ ఆ సంగతి తెలుసు.

“ఇక్కడి వరకూ నీ బండే నయం,” అన్నాడు.

టోల్ దాటాక రోడ్డు ఖాళీ అయింది. నందిగామ వైపు ఎనభైలో పోతున్నాం. ముందు పత్తి ట్రాక్టరు, రెండు పక్కలా ఉబ్బి లేన్ అంతా ఆక్రమించింది. వేగం నలభైకి పడింది. అద్దంలో చూశాను, కుడి వైపు సందు దొరికింది. ఎక్సలేటరు గట్టిగా తొక్కాను.

బండి కదల్లేదు. కదల్లేదంటే ఆగిందని కాదు, ఊపిరి బిగబట్టింది. ఒక్క క్షణమే. కానీ వెనక నుంచి బస్సు హారన్ కొడుతున్నప్పుడు ఆ క్షణం చాలా పొడుగు. తర్వాత ఇంజను గట్టిగా అరిచి ముందుకు దూకింది.

ఆ క్షణంలో లోపల జరిగేది ఇది. నా బండిలో ఉన్న ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) అంటే కొత్త గేర్‌బాక్సేమీ కాదు. మాన్యువల్ బండిలో ఉండే క్లచ్ ప్లేటు, పళ్ళ చక్రాలే. మన కాలూ చెయ్యీ చేసే పనిని కంప్యూటరు చెప్పినట్టు ఒక యంత్రం చేస్తుంది. క్లచ్ విడవాలి, గేరు దిగాలి, మళ్ళీ క్లచ్ పట్టాలి. అందాకా చక్రాలకి ఇంజను బలం అందదు. 2014లో మారుతి సెలెరియోతో ఇది మన దేశంలో చవక కార్లలోకి వచ్చింది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో అమెరికాలో మొదలైన అసలు ఆటోమేటిక్ వేరు. అది నూనె ఒత్తిడితో పనిచేసేది, ఈ ఎక్కిళ్ళు అందులో తక్కువ. ధర ఎక్కువ.

“నేనైతే ట్రాక్టరు కనపడగానే మూడో గేరులో పెట్టుకునేవాణ్ణి,” అన్నాడు బాబాయి. “నీ బండికి ట్రాక్టరు కనపడదుగా!”

నిజమే. దానికి తెలిసేది నా కాలు ఎంత నొక్కిందో, బండి ఎంత వేగంలో ఉందో, అంతే. ముందున్న పత్తి దానికి తెలియదు.

నవాబుపేట దగ్గర ఒక లారీ. ఈసారి రాడ్డును ఎం (మాన్యువల్) వైపు జరిపి, ముందే మూడుకి దించాను. తొక్కీ తొక్కగానే బండి అందుకుంది. బాబాయి తల ఊపాడు. మామూలుగా పోతున్నప్పుడు కూడా గేరు మారే వేళకి కాలు కాస్త తేలిక చేస్తే కుదుపు తగ్గుతుంది. అంటే కాలికి పని పోయింది గానీ చెవికి పోలేదు. ఎత్తు మీద ఎక్సలేటరు తొక్కిపట్టి బండిని నిలబెట్టే అలవాటుంటే మాత్రం మానుకోవాలి. లోపల క్లచ్ కాలుతుంది.

నందిగామలో దిగుతూ అడిగాడు, “బ్యాటరీ పోతే నలుగురం తోసి స్టార్టు చెయ్యొచ్చా?”

“కుదరదు బాబాయ్.”

“అయితే తాడు పెట్టుకో.”

కొనబోయేవాళ్ళకి నా మాట ఒక్కటే. షోరూము ముందు ఖాళీ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి సంతకం పెట్టకండి. లోడు లారీ వెనకాల ఒకసారి నడిపి చూడండి.