గోడలు లేని బడి: ఫిలడెల్ఫియా పార్క్‌వే విద్యాలయము

విద్యాలయమనగా భవనమే యను తలంపు లోకమున బలపడియున్న కాలమున, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఫిలడెల్ఫియా నగరమునందు 1969 ఫిబ్రవరిలో భవనము లేని యున్నతపాఠశాల యొకటి వెలసెను. దానికి పార్క్‌వే ప్రణాళిక యని పేరు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేర బరగు రాజవీథి ననుసరించి చిత్రకళాప్రదర్శనశాలయు, ఫ్రాంక్లిన్ విజ్ఞానమందిరమును, ప్రకృతిశాస్త్ర పరిషత్తును, నగరగ్రంథాలయమును గలవు. ఇవియే దానికి తరగతిగదులు. ఇది ధనికుల శుల్కములతో నడచిన ప్రయోగము గాదు. నగర విద్యామండలివారి ప్రభుత్వపాఠశాల.

దీని పూర్వరంగము కొంత యెఱుగవలసియున్నది. 1967 నవంబరు 17వ తేదీన నల్లజాతి విద్యార్థులు వేలకొలదిగ విద్యామండలి కార్యాలయము ముంగిట గూడి, తమ జాతిచరిత్రమును బడులలో బోధింపవలెనని కోరిరి. రక్షకభటులు వారిని లాఠీలతో మోదిరి. బడికిని ప్రజలకును నడుమ నెంత యెడమేర్పడెనో యానాడు వెల్లడియయ్యెను. పార్క్‌వే యా సంఘటనమునకు ప్రత్యక్షఫలమని చెప్పరాదు. అయినను విద్యాధ్యక్షుడైన మార్క్ షెడ్ నూతనప్రయోగములకు దావిచ్చినది యీ వాతావరణమునందే. ఫోర్డు ధర్మనిధివారు ద్రవ్యసాహాయ్యము చేసిరి.

ఇంగ్లండునుండి వచ్చిన జాన్ బ్రెమర్ దీనికి ప్రథమ సంచాలకుడు. తొలుత చేరినవారు 143 మంది. వారిని జేర్చుకొన్న విధము మిక్కిలి గమనింపదగినది. మార్కులు చూడలేదు, పూర్వప్రవర్తనమును విచారింపలేదు, కోరినవారి పేళ్లను చీట్లు వేసి తీసిరి. ఇది వట్టి యదృచ్ఛ యని కొందఱు పండితు లీసడింపవచ్చును. కాని పరీక్షచే నేరిన బాలురతో నే పద్ధతియైనను నెగ్గును. చీటిచే వచ్చిన బాలురతో నెగ్గినగదా దాని సత్తువ తెలియుట!

గోడలు లేకుండుట చూపఱుల కబ్బురము గొల్పెను గాని, బడిని నిలిపినది వేఱొకటి. పదునైదుగురు, పదియార్గురు పిల్లలకు ఒక యుపాధ్యాయుడును, విశ్వవిద్యాలయమునుండి వచ్చిన యొక శిక్షణార్థియు గలిసి చిన్నకూటమిగ నేర్పడెడివారు. చదువు, వ్రాత, లెక్కలలోని లోపములు దిద్దుటయు, పిల్లవాని యోగక్షేమములు కనుగొనుటయు నచ్చటనే. మార్కులకు బదులు వ్రాతమూలమైన యభిప్రాయము లుండెను. విద్యార్థియు దాను విన్న పాఠమునుగూర్చి తన యభిప్రాయమును వ్రాయవలెను.

తెలుగువారి కీ యేర్పాటు పూర్తిగ వింత గాదు. వీధిబడియు నరుగుమీదనే సాగెను. అయ్యవారిని పోషించినది యూరివారే. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో బంపిన నివేదికలో నా జిల్లాయందు 533 బడులు లెక్కకు వచ్చినవి. అయితే ఆ యరుగు అన్ని కులముల పిల్లలకును ఎక్కదగినదిగ లేకుండెను. ఫిలడెల్ఫియావారి చీటి తీర్ప జూచినది యిట్టి కొఱతనే.

ఊరు బడికి గది యెరవిచ్చుట వేఱు, తానే గురువగుట వేఱు. ప్రదర్శనశాలలో గూర్చుండి పాత పాఠమునే చదివినచో మాఱినది పైకప్పు మాత్రమే. అచ్చటి యధికారి, శిల్పి, శాస్త్రజ్ఞుడు తమ పని గొంత మాని పిల్లవానితో మాటాడిననాడే యా పేరు సార్థకము. అట్టి తీఱిక యేటేట దొరకుట సులభము గాదు.

చికాగోలో 1970లోను, వాషింగ్టనులో 1971లోను ఇట్టి బడులు వెలసెను. చికాగోబడి 1991లో మూతపడెను. వాషింగ్టనుబడి "గోడలు లేని బడి" యను పేరుతోనే నేడును నడచుచున్నది. దానికి భవనము గలదు, విద్యార్థులను యోగ్యత చూచి చేర్చుకొందురు. ఫిలడెల్ఫియాలో పార్క్‌వే పేరు దాల్చిన పాఠశాలలకును భవనము లేర్పడెను. యోగ్యత నిర్ణయించి చేర్చుకొను పాఠశాలలకు 2021లో నా నగర విద్యామండలివారు మరల చీట్ల పద్ధతిని బ్రకటించిరి. అయితే చీటి వేయునది యోగ్యులని తేలినవారి నడుమనే.