రాజీనామా మీద ఒక్క సంతకం కోసం

ఈ ఎపిసోడ్ దక్షిణ అమెరికాలోని బొలీవియా గురించి.

1999లో అక్కడ మున్సిపల్ ఎన్నికలు. అభ్యర్థుల జాబితాలో ఆడవాళ్లకి కచ్చితంగా వాటా ఇవ్వాలని రూల్ వచ్చింది. కొన్ని చోట్ల పార్టీలు ఏం చేశాయో తెలుసా? మగవాళ్ల పేర్లకే చివర ఒక దీర్ఘం తగిలించి ఆడపేర్లుగా ఇచ్చేశాయి. హువాన్ కాస్తా హువానా అయిపోయాడు! చదివినప్పుడు నాకూ నవ్వొచ్చింది.

2010 నాటికి ఈ ఆటలు సాగలేదు. జాబితాలో సగం ఆడవాళ్లే ఉండాలి. ఆ ఎన్నికల్లో కౌన్సిలర్లలో మహిళలు 40 శాతం దాటారు. అసలు కథ ఇక్కడ మొదలైంది.

అక్కడ కౌన్సిలర్‌తో పాటు ఒక ప్రత్యామ్నాయ సభ్యుడినీ ఎన్నుకుంటారు. ఆడ, మగ మార్చి మార్చి పేర్లు రాయాలి కాబట్టి, గెలిచిన ఆవిడ వెనకాల ప్రత్యామ్నాయంగా మగవాడు ఉంటాడు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు దీన్నే బ్యాకప్ అనేవాళ్లం. మెయిన్ సర్వర్ పడిపోతే బ్యాకప్ లేస్తుంది. అంటే సీటు కావాలంటే ఎన్నిక గెలవక్కర్లేదు, ఆవిడ రాజీనామా మీద సంతకం పెడితే చాలు. మన ఊళ్లలో సర్పంచ్ గారి భర్త కుర్చీలో కూర్చోవడానికి ఆ సంతకం కూడా అక్కర్లేదు, అది వేరే విషయం.

సంతకం ఎలా పెట్టిస్తారు? మీటింగ్‌కి పిలవరు. పిలిచినా మాట్లాడనివ్వరు. జీతం ఆపేస్తారు. బెదిరిస్తారు, కొడతారు. బొలీవియా మహిళా కౌన్సిలర్ల సంఘం అకోబోల్ 2000 నుంచీ ఇలాంటి ఫిర్యాదులు పోగుచేస్తూనే ఉంది. ప్రత్యేక చట్టం కావాలని అడుగుతూనే ఉంది. బిల్లు మాత్రం ఏళ్లకేళ్లు కదల్లేదు.

టిటికాకా సరస్సు పక్కన అంకొరైమెస్ అని ఒక ఊరు. 2010లో హువానా కిస్పే అక్కడ కౌన్సిలర్‌గా గెలిచింది. ఈవిడ పేరు నిజంగానే హువానా. రాజీనామా చెయ్యమన్నారు, చెయ్యలేదు. సమావేశాలకి రానివ్వలేదు. కోర్టుకెళ్లి తన పదవి తిరిగి తెచ్చుకుంది. 2012 మార్చిలో లాపాజ్‌లో ఓ నది దగ్గర ఆమె శవం దొరికింది. గొంతు నులిమి చంపారు.

పన్నెండేళ్లు నానిన చట్టం అదే ఏడాది మే 28న వచ్చేసింది. లా నంబర్ 243. రాజకీయాల్లో ఉన్న ఆడవాళ్లని వేధిస్తే 2 నుంచి 5 ఏళ్లు, దాడి చేస్తే 3 నుంచి 8 ఏళ్లు జైలు. ఒక్క ఈ నేరం కోసమే చేసిన చట్టం ప్రపంచంలో ఇదే మొదటిదంటారు. నాకు మాత్రం శిక్షల కన్నా 24వ సెక్షన్ ముఖ్యం అనిపించింది. మహిళా ప్రతినిధి రాజీనామా చెయ్యాలంటే ముందుగా ఎన్నికల సంస్థ దగ్గరికి తనే స్వయంగా వెళ్లి ఇవ్వాలి. ఎవరో కాగితం మీద సంతకం పెట్టించి పట్టుకెళ్తే కుదరదు. బగ్ ఎక్కడుందో సరిగ్గా అక్కడే పట్టుకున్నారు.

హువానా హత్య కేసు మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచింది.