బండి నుంచి ఊడిపోయిన స్టాండ్

1985లో హీరో హోండా సీడీ 100 కొనుక్కున్న మాస్టారికో, బ్యాంకు గుమాస్తాకో తన బండికి చైన్ ఉందన్న సంగతి నెలల తరబడి గుర్తొచ్చేది కాదు. చైన్ మొత్తం రేకు డొప్పలో దాగి ఉండేది. డొప్పకు రబ్బరు బిరడా ఒకటి. మెకానిక్ దాన్ని పీకి, లోపలికి వేలు పెట్టి చైన్‌ని కిందికీ పైకీ ఆడించి, ‘కొంచెం వదులైంది సార్, బిగిస్తా’ అనేవాడు. దుమ్ము లోపలికి పోదు, నూనె ప్యాంటు మీద చిమ్మదు. చక్రం ఎత్తాల్సి వస్తే బండి కిందే సెంటర్ స్టాండ్ ఉండేది. కాలితో తొక్కిపట్టి వెనక్కి లాగితే టైరు నేల వదిలేది.

2012లో కేటీఎమ్ 200 డ్యూక్ మన షోరూముల్లోకి వచ్చింది. చైన్ బట్టబయలు. సెంటర్ స్టాండ్ లేదు. అంటే వారం వారం తుడవాల్సిన చైన్‌ని బయటపెట్టి, తుడవడానికి కావాల్సిన స్టాండ్‌ని తీసేసిన బండి అది. అయినా కుర్రాళ్లు మనసుపడి కొన్నారు. ఆ తరం బండ్లతో పాటే అపార్ట్‌మెంట్ సెల్లార్లలోకి ఇంకో సరుకూ దిగింది. యూ ఆకారంలో వంచిన ఇనుప పైపు, దానికి రెండు బుల్లి చక్రాలు, పైన రెండు కొక్కేలు. దీన్నే ప్యాడాక్ స్టాండ్ అంటారు. తండ్రి బండికి పుట్టుకతో ఉన్నదాన్ని కొడుకు విడిగా డబ్బు పోసి కొనాల్సి రావడం వెనక నూరేళ్లు దాటిన కథ ఉంది.

మోటార్ సైకిల్ పుట్టిన కొత్తలో స్టాండ్ అంటే బండిని నిలబెట్టేది మాత్రమే కాదు. వెనక ఇరుసు దగ్గర మడతబందుతో బిగించిన ఇనుప కమ్మీ అది. నడిపేటప్పుడు పైకి మడిచి మడ్‌గార్డుకు తగిలించేవారు. ఆనాటి బండ్లకు సైకిల్‌కున్నట్టే పెడల్స్ ఉండేవి. కొన్నిటిని ఆ స్టాండ్ మీదికి ఎక్కించి, చక్రం గాల్లో ఉండగా పెడల్స్ తొక్కితే ఇంజిన్ అందుకునేది. పంక్చర్లంటారా, అవి రోజువారీ వ్యవహారం. అందుకే చాలా ఇంగ్లిష్ బండ్లకు ముందు చక్రానికి కూడా ఇంకో స్టాండ్ ఇచ్చేవారు.

అలాంటి బండ్లతోనే ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో 1907 మే 28న మొదటి టూరిస్ట్ ట్రోఫీ (టీటీ) రేసు జరిగింది. రెండు సిలిండర్ల తరగతిలో నెగ్గిన రెమ్ ఫౌలర్ నార్టన్ బండి ఎక్కాడు, ఇంజిన్ మాత్రం ఫ్రాన్స్ వాళ్ల ప్యూజో. దారి పొడవునా బెల్టుతో, ప్లగ్గులతో, టైర్లతో కుస్తీ పట్టి గమ్యం చేరాడు. రేసరూ తనే, మెకానిక్కూ తనే.

వేగం పెరిగే కొద్దీ స్టాండ్ బరువైపోయింది. మలుపులో బండిని పడుకోబెట్టినంతగా వంచితే కింద వేలాడే ఇనుము రోడ్డును గీరుతుంది. గీరిందంటే వెనక చక్రం నేల వదులుతుంది, మనిషి గడ్డివాములో తేలతాడు (అప్పట్లో మలుపుల దగ్గర నిజంగానే గడ్డిమోపులు పేర్చేవారు). అలా రేసు బండి తన కాళ్ల మీద తాను నిలబడలేని జీవి అయింది. పరుగు ఆగాక గోడకు ఆనించాలి, లేదంటే దాన్ని మోసే సాధనం ఇంకోటి కావాలి.

ఆ సాధనం చెయ్యి వెయ్యడానికి అనువైన చోటు కుదిర్చింది స్వింగ్ ఆర్మ్. వెనక చక్రాన్ని రెండు వైపులా పట్టుకుని, గేరుబాక్సు వెనక కీలు మీద పైకీ కిందికీ ఊగే జంట చేతులవి. బెల్‌ఫాస్ట్‌కు చెందిన రెక్స్ మెక్‌కాండ్లెస్ నార్టన్ కోసం రూపొందించిన ఫెదర్‌బెడ్ ఫ్రేమ్‌లో ఈ ఏర్పాటు ఉంది. దాని మీదే జెఫ్ డ్యూక్ 1950లో సీనియర్ టీటీ నెగ్గాడు. స్వింగ్ ఆర్మ్ నార్టన్ వాళ్లు కనిపెట్టింది కాదు గానీ, ఆ గెలుపు తర్వాత దాన్ని కాదనే ధైర్యం రేసు బండ్లు చేసేవాళ్లలో తగ్గిపోయింది. నేటి ప్యాడాక్ స్టాండ్ పట్టుకునేది ఆ చేతుల చివర్నే. స్వింగ్ ఆర్మ్‌కు 6, 8 లేదా 10 మిల్లీమీటర్ల మరల చిన్న బాబిన్లు బిగిస్తారు. స్టాండ్ కొక్కేలు వాటి కిందికి దూరతాయి. పిడిని కిందికి నొక్కితే బుల్లి చక్రాలే ఆధారంగా వెనక భాగం పైకి లేస్తుంది. గునపంతో బండరాయిని లేపే కిటుకే ఇదీ. బక్కపల్చటి మనిషి కూడా ఒంటరిగా ఎత్తగలడు.

రేసుల్లో దీనికి తర్వాత ఇంకో పని పడింది. టైరు వెచ్చగా ఉంటేనే రోడ్డును కరుచుకుంటుంది కాబట్టి, కరెంటుతో వేడెక్కే దుప్పటిని పరుగుకు ముందు టైర్లకు చుడతారు. చుట్టాలంటే రెండు చక్రాలూ గాల్లో ఉండాలి. 2023 సెప్టెంబర్‌లో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో మోటో జీపీ జరిగింది. మార్కో బెజెక్కీ నెగ్గిన ఆ రేసును టీవీలో చూసినవారికి స్టాండ్ల మీద దుప్పట్లు కప్పుకున్న ఆ బండ్లు గుర్తుండే ఉంటాయి.

మనవాళ్లకు అంతకన్నా దగ్గరి రేసు మైదానం శోలవరం. మద్రాసు నుంచి నెల్లూరు వైపు వచ్చే రోడ్డు మీద, రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే అది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు అక్కడే రేసులు నడిపింది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చింది. రోడ్డు బండిని రేసుకు తయారు చేయడమంటే లైట్లు, అద్దాలు, స్టాండ్లు విప్పి పక్కన పెట్టడమే మొదటి పని. ఆదివారం విప్పినవి సోమవారం మళ్లీ బిగించుకోవచ్చు.

కంపెనీలే ఆ విప్పే పనికి పూనుకున్నాక బిగించుకునేందుకు ఏమీ మిగల్లేదు. 1992లో హోండా ఫైర్‌బ్లేడ్ వచ్చింది. తడావో బాబా దాని రూపశిల్పి. 893 సీసీ ఇంజిన్ పెట్టి కూడా నూనెలూ పెట్రోలూ పొయ్యకముందు బరువును 185 కిలోలకు కట్టడి చేశాడు. అంత పొదుపులో సెంటర్ స్టాండ్‌కు చోటెక్కడిది? రేసు బండిలా కనబడాలన్న మోజు పెద్ద బండ్ల నుంచి చిన్న బండ్లకు పాకింది. సైలెన్సర్ డబ్బా ఇంజిన్ కిందికి చేరిన డ్యూక్ లాంటి వాటిలో స్టాండ్ మడిచిపెట్టే ఖాళీ కూడా అంతంతమాత్రం. ఇంజనీర్ల కష్టం అర్థమవుతుంది. అయినా, ఆఫీసుకు నలభై స్పీడులో పోయే మనిషి మలుపులో స్టాండ్ గీరుకుంటుందని భయపడాలా?

చక్రం విప్పే సంగతిలో మన స్కూటరే తెలివైనది. విమానాల ఇంజనీరు కొరాడినో దస్కానియో 1946 నాటి వెస్పాకు విమానం చక్రంలా ఒక పక్కనే ఆధారం పెట్టాడు. ఆ వంశంలో 1972లో వచ్చిన బజాజ్ చేతక్‌కు పంక్చర్ అయితే నట్లు విప్పి, స్టెప్నీ తగిలించుకుని పోవడమే. మోటార్ సైకిళ్లు ఆ ఒంటిచేతి పద్ధతికి రేసుల మీదుగా వచ్చాయి. 1987 హోండా ఆర్‌సీ 30, 1994 డుకాటి 916 అలాంటివే. వాటికి కొక్కేల స్టాండ్ పనికిరాదు. బోలు ఇరుసులోకి ఒక పక్కనుంచి కడ్డీ దూర్చి ఎత్తే రకం కావాలి.

ఇక ఇంట్లో పని. బండి ఎత్తాక చైన్‌కి కిరోసిన్ పట్టించి బ్రష్‌తో రుద్దుతారు. నల్లటి జిడ్డు కారిపోయి లింకులు మెరుస్తాయి. ఓ-రింగుల చైన్ అయితే ఇనుప బ్రష్ తగలకూడదు, రబ్బరు చిరిగితే లోపలి గ్రీజు పోతుంది. తుడిచి ఆరాక చక్రాన్ని చేత్తో తిప్పుతూ లోపలి వైపు నుంచి లూబ్ కొట్టాలి. తిప్పేటప్పుడు ఒక చోట చైన్ బిగుసుకుని, ఇంకో చోట సాగినట్టు వేలికి తెలుస్తుంది. సెంటర్ స్టాండ్ లేని బండిని ముందుకు ఒక అడుగు, వెనక్కి ఒక అడుగు తోసుకుంటూ తుడిచేవారికి ఈ తేడా అంత సులువుగా దొరకదు. చక్రం దానంతట అదే తిరుగుతుంది కదా అని ఇంజిన్ ఆన్ చేసి, గేరు వేసి, గుడ్డ పట్టుకునే వీరులూ ఉన్నారు. చైన్‌కీ పళ్లచక్రానికీ మధ్య గుడ్డతో పాటు వేళ్లూ పోతాయి.

ముందు చక్రం కూడా లేపాలంటే వెనకదే మొదట ఎత్తాలి. బాబిన్లు లేనప్పుడు స్వింగ్ ఆర్మ్ కింద ఆనించే ఎల్ ఆకారపు రబ్బరు పట్టీల మీద కన్నా బాబిన్ల మీద బండి స్థిరంగా ఉంటుంది. అసలు గండం మాత్రం దించేటప్పుడే. స్టాండ్ పిడిని పైకి లేపగానే వెనక చక్రం నేలకు తగులుతుంది, కొక్కేలు జారతాయి, నూట అరవై కిలోల ఇనుము ఎటో ఒకటు ఒరగాలని చూస్తుంది. అప్పటికే సైడ్ స్టాండ్ వేసి ఉండాలి. రోడ్డు మీద సైడ్ స్టాండ్ మడవడం మరిచిపోతే పక్కనుంచి పోయే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ‘అన్నా, స్టాండ్!’ అని అరుస్తారు. సెల్లార్‌లో దాన్ని వెయ్యడం మరిచిపోతే అరిచేవాళ్లుండరు.