మూత్రపిండాల వ్యాధి, కోడికూర: ఒక నిషేధపు చరిత్ర

మూత్రపిండాల వ్యాధి అని తేలిన మరునాటి నుండే మన ఇళ్ళలో కోడికూర, గుడ్డు, పప్పు రోగి విస్తరి నుండి తొలగిపోతాయి. వైద్యుడు చెప్పినా, చెప్పకపోయినా ఈ పథ్యం అమలవుతుంది. ఇది ఎక్కడి నుండి వచ్చిందో తెలిస్తే, తనకు ఎంతవరకు వర్తిస్తుందో రోగి అడిగి తెలుసుకోగలడు.

1827లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ ఒళ్ళు నీరు పట్టిన రోగులను పరిశీలించి, వారి మూత్రాన్ని వేడిచేస్తే తెల్లసొన వలె గడ్డకడుతుందని వివరించారు. శరీరానికి చెందవలసిన మాంసకృత్తులు మూత్రంలో పోతున్నాయన్నమాట. 1869లో లయొనెల్ బీల్ అనే మరొక ఆంగ్ల వైద్యుడు ఇట్టి రోగులకు మాంసకృత్తులు తగ్గించమన్నారు. కారణం సులభగ్రాహ్యమే. మాంసకృత్తులు విచ్ఛిన్నమైనప్పుడు యూరియా పుడుతుంది. దానిని బయటకు పంపవలసినవి మూత్రపిండాలే. (మాంసకృత్తు అన్న మన పదంలోనే మాంసం ఉండడం వల్ల కొంత అపార్థం కలిగింది. బియ్యంలోనూ, కందిపప్పులోనూ ఉన్నది అదే.)

అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యుడు వాల్టర్ కెంప్నర్ 1939 నుండి రోగులకు అన్నం, పండ్లు, పండ్లరసం, చక్కెర మాత్రమే పెట్టారు. రోజుకు సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు. పలువురిలో రక్తపోటు తగ్గింది. అయితే ఆ భోజనంలో ఉప్పు కూడా దాదాపు లేదు. ఘనత అంతా మాంసకృత్తుల కోతకే ఇవ్వడం న్యాయం కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఆహారం మరీ తగ్గితే శరీరం తన కండరాలనే కరిగించుకుంటుంది. ఆ కండ నుండి కూడా యూరియాయే పుడుతుంది. 1963, 64లలో ఇటలీ వైద్యులు జోర్డానో, జొవన్నెట్టి ఈ ముడిని కొంత విప్పారు. మాంసకృత్తుల పరిమాణం తగ్గించినా, శరీరం తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలు మాత్రం లోపించకుండా చూశారు. అందుకు జొవన్నెట్టి గుడ్డును వాడారు. వాంతులు, వికారం తగ్గాయి. దీర్ఘకాల డయాలిసిస్ సియాటిల్‌లో 1960లో అప్పుడే ఆరంభమైన రోజులవి. అది దొరకని వారికి ఈ భోజనమే ఆధారం.

1994లో అమెరికాలో 840 మందిపై జరిగిన పెద్ద పరిశోధన ఫలితం వెలువడింది. మాంసకృత్తులు తగ్గిస్తే వ్యాధి నెమ్మదిస్తుందన్న ఆశకు అందులో స్పష్టమైన రుజువు దొరకలేదు. కొద్దిపాటి మేలు సూచనలు మాత్రం కనిపించాయి. అందుకే నేటి మార్గదర్శకాలు మధ్యేమార్గంలో ఉన్నాయి. వ్యాధి ముదురుతున్నా డయాలిసిస్ అవసరం రాని పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాములు. 60 కిలోల మనిషికి 48 గ్రాములు. అందులో 300 గ్రాముల బియ్యమే దాదాపు 20 గ్రాములు ఇస్తుంది. మిగిలిన దానిలో ఒక గుడ్డు (6 గ్రాములు), ఎముక లేని వండిన కోడిమాంసం 50 గ్రాములు (సుమారు 14) ఇముడుతాయి. అయితే ఆ పూట పప్పు, పెరుగు బాగా తగ్గాలి. ఫాస్ఫేటు కలిపి నిల్వచేసిన సాసేజి వంటి మాంసం మాత్రం వద్దు. ఆ భాస్వరం తేలికగా రక్తంలో చేరుతుంది.

డయాలిసిస్ మొదలయ్యాక లెక్క తలకిందులవుతుంది. ప్రతిసారీ అమైనో ఆమ్లాలు యంత్రంలోకి పోతాయి కనుక కిలోకు 1.0 నుండి 1.2 గ్రాములు కావాలి. అదే మనిషికి 60 నుండి 72 గ్రాములు. పాత పథ్యాన్నే భక్తిగా కొనసాగించి, నెలనెలా కండ తరిగిపోతున్నవారు మన డయాలిసిస్ కేంద్రాలలో నేటికీ కనిపిస్తారు. వారికి గుడ్డు మానమని ఎవరూ చెప్పలేదు. మళ్ళీ మొదలుపెట్టమనీ ఎవరూ చెప్పలేదు.